ఒకే రికార్డు, రెండు ప్రెస్సింగ్‌లు: తేడా ఎక్కడ పుడుతుంది?

1969లో అమెరికాలో బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ రెండో ఆల్బమ్ వచ్చింది. న్యూయార్క్‌లోని స్టెర్లింగ్ సౌండ్ స్టూడియోలో ఆ టేపును డిస్కు మీద కోసిన ఇంజనీరు బాబ్ లడ్విగ్. డ్రమ్స్‌నీ బేస్‌నీ ఏమాత్రం అణచకుండా, టేపులో ఎంత బలం ఉందో అంత బలాన్నీ గాడిలోకి దించాడాయన. తర్వాత జరిగింది ఆయనే చెప్పాడు. ఒక చవక ప్లేయర్ మీద ఆ రికార్డు పెడితే ముల్లు ఎగిరి పక్క గాడిలో పడింది. కొన్నవాళ్ళందరూ రికార్డులు వెనక్కి తెస్తారేమోనని అట్లాంటిక్ కంపెనీ కంగారుపడి, అదే టేపును మెత్తబరిచి మళ్ళీ కోయించింది. ఇప్పుడు లేబుల్ పక్కన ఖాళీ జాగాలో ‘ఆర్.ఎల్.’ అని లడ్విగ్ పొడి అక్షరాలు గీసి ఉన్న కాపీ దొరికితే, అది లేని కాపీకి ఎన్నో రెట్లు ధర పలుకుతుంది.

ఆ రెండు కాపీలకూ అట్ట ఒకటే. కంపెనీ ఒకటే, దేశం ఒకటే, కాలం కూడా దాదాపు ఒకటే. వింటే మాత్రం రెండూ వేర్వేరు రికార్డులు. ఇష్టమైన రికార్డులు ఒకరికొకరు వినిపించుకునే చోట ‘యూకే ప్రెస్ అయితేనే’, ‘జపాన్ ప్రెస్ ముందు ఏదీ ఆగదు’, ‘మన డమ్‌డమ్ ప్రెస్సులన్నీ గరగరే’ (కలకత్తా పక్కన హెచ్.ఎం.వి. రికార్డులు తయారైన ఫ్యాక్టరీ డమ్‌డమ్) అనే మాటలు తరచూ వినిపిస్తుంటాయి. వాటిలో కొంత నిజం ఉంది. చిక్కేమిటంటే, ప్రెస్సింగ్ అనే ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. మనకు వినిపించిన తేడా వాటిలో ఏ పని దగ్గర పుట్టిందో విడదీసి చూస్తే సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

టేపు నుంచి ప్లేటు దాకా

స్టూడియోలో సిద్ధమైన మాస్టర్ టేపు ముందుగా కటింగ్ లేత్ దగ్గరికి వెళ్తుంది. అల్యూమినియం పళ్ళేనికి పూసిన మెత్తటి లాకర్ మీద, వేడి చేసిన ముల్లు గాడిని చెక్కుకుంటూ పోతుంది. తర్వాత ఆ లాకర్ మీద పల్చగా వెండి చల్లి, ఎలక్ట్రోప్లేటింగ్‌తో నికెల్ పట్టిస్తారు. నికెల్ పొరను ఊడదీస్తే, గాడి ఉన్న చోట గట్టు ఉండే లోహపు రేకు వస్తుంది. దాన్ని ఫాదర్ అంటారు. ఫాదర్ నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్ తీస్తారు. రెండు వైపులకూ రెండు స్టాంపర్లను ప్రెస్సులో బిగించి, మధ్య వేడి వినైల్ ముద్ద ఉంచి నొక్కితే రికార్డు తయారవుతుంది. ఒక స్టాంపర్ సుమారు వెయ్యి కాపీల వరకు బాగా ఇస్తుంది. ఆ తర్వాత అంచులు మొద్దుబారడం మొదలవుతుంది, కొత్తది వేయాలి.

ఈ వరుసలో అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చేది మొదటి మెట్టు, అంటే కోత. గాడికి ఒక భౌతిక పరిమితి ఉంది. బేస్ స్వరాలను ఉన్నవున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ బాగా ఊగి పక్క గాడి మీదికి పోతుంది. అందుకని కోసేటప్పుడు బేస్‌ను తగ్గించి, పై స్వరాలను పెంచుతారు. వినేటప్పుడు ఫోనో ప్రీయాంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే పరికరం) దీన్ని తిరగేసి సరిచేస్తుంది. 1954లో స్థిరపడిన ఆర్.ఐ.ఎ.ఎ. (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) కొలత ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ తగ్గింపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంచుమించు అంతే పెంపు. ఇంత చేశాక కూడా నిడివి సమస్య మిగిలే ఉంటుంది. 12 అంగుళాల ఎల్పీలో ఒక వైపు ఇరవై నిమిషాల లోపైతే ఇంజనీరుకు చేతినిండా జాగా. 25 నిమిషాలు దాటిందంటే గాడులు దగ్గరదగ్గరగా కోయాలి కాబట్టి మొత్తం శబ్దాన్ని తగ్గించాలి, లేదా బేస్‌ను కత్తిరించాలి. శబ్దం తగ్గిన కొద్దీ వినైల్ సొంత గరగర పైకి తేలుతుంది. పన్నెండు పాటలు కుక్కిన ‘హిట్స్’ ఎల్పీలో ఒక పాట నీరసంగా ఉండి, అదే పాట ఈపీలో గుండెకు తగిలేలా ఉండడానికి చాలాసార్లు కారణం ఇదే. 45 వేగంతో తిరిగే చిన్న ప్లేటు మీద ఆ పాటకు ఎక్కువ చోటు దొరికింది.

లోపలి గాడుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, కానీ ముల్లు కింద గాడి జరిగే వేగం అన్నిచోట్లా ఒకటి కాదు. బయటి అంచు దగ్గర సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి సుమారు 21. ఒక సెకను సంగీతం సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది. అందుకే చివరి పాటలో గాయని ‘స’, ‘శ’ అన్నప్పుడు ఆ అక్షరాలు చీలినట్టు వినిపిస్తాయి. జాగ్రత్తగల ఇంజనీరు దీన్ని ముందే ఊహించి కోస్తాడు. రెండు కోతలను పోల్చాలంటే నేను మొదటి పాటతో మొదలుపెట్టను, నేరుగా చివరి పాట పెడతాను. చేయి తిరిగినవాళ్ళెవరో అక్కడ తెలిసిపోతుంది.

లేబుల్ పక్కన రాసి ఉన్న చరిత్ర

పాట అయిపోయిన చోటికీ లేబుల్‌కూ మధ్య నున్నగా ఉండే భాగాన్ని సేకరించేవాళ్ళు డెడ్ వాక్స్ అంటారు. రికార్డును దీపం కింద కాస్త వంచి చూస్తే అక్కడ అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. ముఖ్యమైనది మ్యాట్రిక్స్ నంబర్. దాని చివరి అంకె ఆ వైపును ఎన్నోసారి కోశారో చెబుతుంది. ఈ.ఎం.ఐ. కంపెనీ బ్రిటన్‌లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. మ్యాట్రిక్స్ నంబర్‌ను గడియారంలో ఆరు ఉండే చోట పెట్టుకుని చూస్తే, తొమ్మిది ఉండే చోట మదర్ సంఖ్య, మూడు ఉండే చోట స్టాంపర్ గుర్తు ఉంటాయి. స్టాంపర్‌కు అంకెల బదులు అక్షరాలు వాడేవాళ్ళు: జి అంటే 1, ఆర్ 2, ఎ 3, ఎం 4, ఓ 5, పి 6, హెచ్ 7, ఎల్ 8, టి 9, డి అంటే సున్నా. గ్రామఫోన్ లిమిటెడ్ అనే పేరులోంచి ఏరిన పది అక్షరాలివి. ‘జి’ ఒక్కటే ఉంటే మొట్టమొదటి స్టాంపర్. ‘జి ఆర్’ ఉంటే పన్నెండోది. యాభై ఏళ్ళ తర్వాత కూడా మన చేతిలోని కాపీ ఆ వరుసలో ఎక్కడుందో చదువుకోవచ్చు. ఇంత నిజాయితీగా తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకునే వస్తువు నాకు ఇంకోటి తెలియదు.

కోసినవాళ్ళ సంతకాలు కూడా ఉంటాయి. బ్లూ నోట్ జాజ్ రికార్డుల మీద ‘వాన్ గెల్డర్’ ముద్ర ఉంటే, రికార్డింగ్ చేసిన రూడీ వాన్ గెల్డర్ స్వయంగా కోసినట్టు. దాని పక్కన చెవి ఆకారంలో ఒక గీత ఉంటే ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో ప్రెస్ చేసినట్టు. 1960ల మధ్యలో బ్లూ నోట్‌ను లిబర్టీ కంపెనీ కొన్నాక వచ్చిన ప్రెస్సింగ్‌ల మీద ఆ చెవి ఉండదు, కానీ వాన్ గెల్డర్ ముద్ర ఉండవచ్చు. అంటే కోత అదే, ప్రెస్సు వేరు. చెవి గుర్తుకు పోసే డబ్బులో ఎంత భాగం చెవికి వినిపిస్తుందో కొనేవాళ్ళు ఆలోచించుకోవాలి. నా మట్టుకు నేను కోతకే డబ్బు పెడతాను.

దేశం పేరు చూసి తీర్పు చెప్పడం ఎందుకు ప్రమాదమో బీటిల్స్ రికార్డులు చూపిస్తాయి. అమెరికాలో క్యాపిటల్ కంపెనీ తనకు వచ్చిన టేపు కాపీల నుంచి పాటల వరుస మార్చి, కొన్నిటికి ప్రతిధ్వని కలిపి ఎల్పీలు వేసింది. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీ మాత్రం బ్రిటన్‌లో కోసిన లోహపు భాగాలతో ప్రెస్ చేసిన ఎల్పీలు ఇచ్చింది. వాటి డెడ్ వాక్స్‌లో బ్రిటిష్ మ్యాట్రిక్స్ కనిపిస్తుంది. వినైల్ అంత నిశ్శబ్దంగా లేకపోవచ్చు, అయినా గాడిలోని సంగీతం లండన్ కోతే. అదే ఫ్యాక్టరీ 1960ల మధ్య దాకా బీటిల్స్ పాటలను నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్ల మీద కూడా వేసింది. మిగతా ప్రపంచంలో చాలా భాగం అప్పటికే 78ని వదిలేసింది కాబట్టి ఇవాళ వాటి కోసం విదేశీ సేకర్తలు ఎగబడతారు.

జపాన్ ప్రెస్సింగ్‌ల పేరు వినైల్ నిశ్శబ్దం వల్ల వచ్చింది, ఆ పేరు వాటికి తగినదే. కానీ పాశ్చాత్య ఆల్బమ్‌లకు అక్కడికి వెళ్ళేది చాలావరకు అసలు టేపు కాదు, దాని కాపీ. టేపు కాపీ చేసిన ప్రతిసారీ కొంత సూక్ష్మత పోతుంది, కొంత బుస చేరుతుంది. ముల్లు పెట్టగానే గరగర లేకపోతే మనసు ముందే ‘బాగుంది’ అనేస్తుంది. పాట మొదలయ్యాక తాళాల మెరుపు, గొంతు చుట్టూ ఉన్న గాలి ఎలా ఉన్నాయో వేరుగా వినాలి.

మొదటి ప్రెస్ ఎప్పుడూ మేలైనదేనా?

విడుదలైనప్పుడు వచ్చిన మొదటి ప్రెస్‌కు విలువ ఇవ్వడానికి సరైన కారణమే ఉంది. టేపు అప్పుడు కొత్తది. కోత సమయంలో నిర్మాతో సంగీత దర్శకుడో పక్కనే ఉండే అవకాశం ఎక్కువ. స్టాంపర్లు కూడా కొత్తవి. అయినా దీన్ని సూత్రంగా పట్టుకోకూడదని చెప్పడానికి జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కన్నా గట్టి సాక్ష్యం లేదు. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ళ 30వ వీధి స్టూడియోలో రికార్డు చేసినప్పుడు, మాస్టర్ టేపు తిరిగిన యంత్రం కాస్త నిదానంగా నడిచింది. ఆ టేపును సరైన వేగంతో వేసి కోసేసరికి, మొదటి వైపున్న మూడు ట్రాకులూ వాయించిన దానికన్నా కొంచెం వేగంగా, శ్రుతి కొంచెం పైన వినిపించాయి. ఏప్రిల్ 22న రికార్డు చేసిన రెండో వైపు సరిగ్గానే ఉంది. మొదటి ప్రెస్ మొదలుకొని దశాబ్దాల పాటు వచ్చిన కాపీలన్నిటిలోనూ ఈ తేడా అలాగే సాగింది. రికార్డుతో కలిపి వాయించి నేర్చుకోబోయిన విద్యార్థులు తమ వాద్యానికి శ్రుతి కలవక అవస్థ పడ్డారు. అదే రోజు పక్కన నడిచిన రెండో యంత్రం టేపు సరైన వేగంతో ఉందని గుర్తించి, 1992 సీడీలో దిద్దారు. తర్వాతి ఎల్పీలు ఆ దిద్దుబాటుతో వచ్చాయి. మైల్స్ నిజంగా వాయించిన శ్రుతి కావాలంటే మొదటి ప్రెస్ పనికిరాదు.

శ్రుతి మాట వచ్చింది కాబట్టి, ప్రెస్సింగ్‌తో సంబంధం లేకుండా ఒక్కో కాపీకి అంటుకునే దోషం ఒకటి చెప్పాలి. మధ్య రంధ్రం అసలు కేంద్రం నుంచి అర మిల్లీమీటరు పక్కకు పడిందనుకోండి. పది సెంటీమీటర్ల వ్యాసార్థం దగ్గర గాడి వేగం అటూ ఇటూ అర శాతం ఊగుతుంది. శ్రుతి 1.8 సెకన్లకొకసారి పైకీ కిందికీ వెళ్ళొస్తుంది. డప్పుల పాటలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. తంబూరా నిలబడి ఉన్న కచేరీ రికార్డులోనో, నాదస్వరం ఒక స్వరం మీద నిలిచినప్పుడో కడుపులో తిప్పినట్టుంటుంది. టర్న్‌టేబుల్ పక్కన వంగి, ముల్లును మోసే చేయి (టోనార్మ్) ఎడమకూ కుడికీ ఊగుతోందేమో చూస్తే కంటికే దొరికిపోతుంది. ఇలాంటి ఒక కాపీ విని ‘ఆ ప్రెస్ బాగోలేదు’ అనేస్తే, అదే స్టాంపర్ నుంచి వచ్చిన మంచి కాపీలన్నిటికీ అన్యాయం చేసినట్టే.

180 గ్రాముల గురించి రెండు మాటలు చాలు. మందం వల్ల ప్లేటు సులువుగా వంగదు, చేతికి గంభీరంగా ఉంటుంది. గాడి మాత్రం పైపైనే ఉంటుంది. బరువు దాని లోతునూ మార్చదు, అందులోని పాటనూ మార్చదు.

మన రికార్డుల దగ్గరికొస్తే

తెలుగు రికార్డుల్లో పోలిక ఇంకా చిక్కైనది, నాకు ఇంకా ఇష్టమైనది కూడా. టేపు రాకముందు పాటనూ పద్యాన్నీ నేరుగా డిస్కు మీదే కోసేవాళ్ళు. పద్యనాటకాల సెట్లు, తొలినాటి సినిమా పాటలు అలా పుట్టినవే. వాటికి 78 ప్లేటే మూలం. తర్వాత వచ్చిన ఎల్పీ ఏదైనా ఆ డిస్కు నుంచో, దాని లోహపు అచ్చు నుంచో ఎత్తిందే అయ్యుండాలి. పైగా పది అంగుళాల 78 ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. పెద్ద పాటైతే రెండు వైపులకూ విరగ్గొట్టాలి, లేదంటే చరణమో వాద్యభాగమో కత్తిరించాలి. సినిమాలో విన్న పాటకూ ప్లేటు మీది పాటకూ నిడివి తేడా కనిపిస్తే మొదట దీన్ని అనుమానించండి.

78 బాగా లేదని చాలామంది అనడానికి ముల్లు కారణం. లక్క ప్లేట్ల గాడి వెడల్పు. దానికి సుమారు 75 మైక్రాన్ల మొన కావాలి. స్టీరియో ఎల్పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు. దాన్ని 78 మీద పెడితే గాడి గోడలను తాకకుండా అడుగున దుమ్ములో దొర్లుతుంది, మనకు బరబర తప్ప ఏమీ వినబడదు. సరైన ముల్లు మార్చి వినిపిస్తే, ‘ఈ ప్లేట్‌లో ఇంత గొంతు ఉందా’ అని ఇంట్లో పెద్దవాళ్ళే ఆశ్చర్యపోతారు. ఇంకో మాట: ఆర్.ఐ.ఎ.ఎ. రాకముందు ఒక్కో కంపెనీ ఒక్కో కొలతతో కోసేది. కాబట్టి పాత 78ని నేటి ప్రీయాంప్‌తో వింటే బేస్, ట్రెబుల్ పాళ్ళు అసలుకు తగ్గట్టు రావు. టోన్ నాబ్‌లు కొద్దిగా తిప్పుకోవడంలో తప్పేమీ లేదు.

ఘంటసాల, సుశీల పాటల స్వర్ణయుగం దాదాపు మొత్తం మోనో, అంటే ఎడమ కుడి తేడా లేని ఒకే శబ్దం. మోనో గాడిలో సంగీతం పక్కలకు మాత్రమే కదులుతుంది. పైకీ కిందికీ ఉండేదంతా దుమ్ము, గీతలు, అరుగుదల. స్టీరియో కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే భాగం) రెండిటినీ ఎత్తి వినిపిస్తుంది. యాంప్లిఫయర్‌లో మోనో స్విచ్ ఉంటే నొక్కండి, నిలువు కదలిక నుంచి వచ్చే గరగర రద్దయిపోతుంది. డమ్‌డమ్ ప్రెస్సులన్నీ గరగరే అనే తీర్పు ఈ ఒక్క స్విచ్‌తో ఎంత మారుతుందో చాలాసార్లు చూశాను. మిగిలిన గరగరలోనూ చాలా భాగం ఫ్యాక్టరీది కాదు. నాలుగైదు గ్రాముల బరువు మోపే సిరామిక్ కార్ట్రిడ్జ్‌లతో, అరిగిన ముల్లుతో, పెళ్ళి పందిళ్ళలో మైకు సెట్ల మీద వందలసార్లు తిరిగిన ప్లేట్లవి.

హెచ్.ఎం.వి. శాస్త్రీయ సంగీతం ఎల్పీల్లో కేటలాగ్ నంబర్ ముందు ‘ఇ.ఎ.ఎల్.పి.’ అని ఉంటే మోనో, ‘ఇ.ఎ.ఎస్.డి.’ అని ఉంటే స్టీరియో. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత లాంటివి ఏళ్ళ తరబడి ఇళ్ళకు చేరిన రికార్డులు. ఇలాంటివాటికి ఒకే అట్టలో వేర్వేరు లేబుళ్ళు, వేర్వేరు మ్యాట్రిక్స్‌లు ఉండొచ్చు. రెండు ఇళ్ళలోని కాపీలు పక్కపక్కన పెట్టి చూడాల్సినవి ఇవే.

నలుగురూ కూర్చుని పోల్చేటప్పుడు

మొదట రెండు కాపీలనూ ఒకే పద్ధతిలో కడగాలి. ఒకే టర్న్‌టేబుల్, ఒకే ముల్లు. తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైనది, శబ్దం సమం చేయడం. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మన చెవి దాన్ని ‘పెద్దగా ఉంది’ అనుకోదు, ‘స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది’ అనుకుంటుంది. గట్టిగా కోసిన ప్రెస్‌కు సగం పేరు ఇలాగే వస్తుంది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్‌తో ఒకే చరణాన్ని కొలిచి, వాల్యూమ్ సరిచేశాకే పోలిక మొదలవ్వాలి. ఒక నిమిషం ముక్కలు విని వెంటనే మార్చాలి. మొత్తం వైపు విన్నాక రెండోది పెడితే మొదటిదాని జ్ఞాపకమే పోలికకు వస్తుంది, అది నమ్మదగ్గది కాదు. అన్నిటికీ మించి, ఏది పెట్టారో పెట్టినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ఒక్కరే ఇంట్లో కూర్చుంటే ఇది కుదరదు. రికార్డులు మిత్రులతో కలిసి వినాలని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

తెలిసి వింటే ఏమవుతుందో 2022లో లోకమంతా చూసింది. అసలు టేపు నుంచే కోసినవంటూ ఎక్కువ ధరకు అమ్ముడైన, పాత ఆల్బమ్‌లను మళ్ళీ వేసే మొబైల్ ఫిడెలిటీ కంపెనీ రీఇష్యూల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని ఆ కంపెనీ ఇంజనీర్లే ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు. అప్పటిదాకా, డిజిటల్ తాకితే వెంటనే పసిగడతామన్నవాళ్ళే ఆ రికార్డులను స్వచ్ఛమైన అనలాగ్ అని మెచ్చుకున్నారు. కంపెనీ దాచింది కాబట్టి కొన్నవాళ్ళ కోపం న్యాయమైనదే. వ్యవహారం కోర్టుకెళ్ళి పరిహారంతో తేలింది. కానీ ఆ రికార్డులు నిజంగా బాగున్నాయి. వాటిని బాగా చేసింది జాగ్రత్తగా ఎత్తిన మూలం, మంచి కోత, నిశ్శబ్దమైన వినైల్. పెట్టె మీద రాసిన మాట చూసి మెచ్చుకున్నవాళ్ళు వీటిని గమనించనే లేదు.

బీటిల్స్‌కూ బ్లూ నోట్‌కూ ఏ స్టాంపర్ ఎప్పుడు వాడారో వివరంగా రాసిపెట్టినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. తెలుగు రికార్డులకు అలాంటి పని చాలా తక్కువ జరిగింది. ఈసారి ఎవరింట్లోనైనా పాత ఎల్పీ విన్నప్పుడు లేబుల్ రంగు, కేటలాగ్ నంబర్, రెండు వైపులా డెడ్ వాక్స్‌లో ఉన్న ప్రతి అక్షరం, చివరి పాటలో ‘స’ ఎలా పలికిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఇంకో ఊరి మిత్రుడి దగ్గర అదే అట్టలో ఉన్న ప్లేటు గురించి అవే నాలుగు వివరాలు అడగండి. మ్యాట్రిక్స్ చివరి అంకె వేరైతే, ఆ రెండిటినీ ఒక చోట చేర్చి వినాల్సిందే.